‘ఒకటి రిటర్న్ చెయ్యండి’ అంటే మిక్సీ పట్టుకెళ్లారు

“నేను అడిగింది డబ్బులు తల్లీ. మిక్సీ పట్టుకుపోయారేంటి?”

ఆ గొంతు నాకింకా చెవుల్లోనే ఉంది. గోదావరి వైపు ఊరు ఆవిడది. ఆన్‌లైన్‌లో మిక్సీ కొన్నారు. డబ్బు కట్టేటప్పుడు ఫోన్‌లో చక్రం తిరుగుతూ ఉండిపోయింది. పడలేదేమోనని మళ్ళీ కట్టారు. రెండుసార్లూ ఖాతాలోంచి డబ్బు కట్ అయింది. మిక్సీ మాత్రం చెప్పిన రోజుకే ఇంటికి చేరింది. ఆవిడ ఆ కంపెనీ యాప్‌లో చాట్ తెరిచి తెలుగులో ఇలా రాశారు: “డబ్బులు రెండుసార్లు కట్ అయ్యాయి, ఒకటి రిటర్న్ చెయ్యండి.” అవతల జవాబిస్తున్నది మనిషి కాదు, ఏఐ ఏజెంట్. “తప్పకుండా అండీ, మీ రిటర్న్ నమోదు చేశాం” అంది. మర్నాడు పొద్దున్నే పికప్ కుర్రాడు వచ్చాడు. ఇంట్లో ఆ వేళకి అత్తగారొక్కరే ఉన్నారు. కంపెనీ మనిషి వచ్చి అడిగాడు కదా అని మిక్సీని, మూడు జార్లనూ సర్ది ఇచ్చేశారు.

అలాంటి ఏజెంట్లు నడిచే సాఫ్ట్‌వేర్ తయారయ్యే చోట నేను పనిచేస్తున్నాను. ఆ రోజు ఆవిడతో ఫోన్‌లో మాట్లాడింది నేనే. మిక్సీ తిరిగి పంపించే ఏర్పాటు చేశాక కూర్చుని, ఏజెంట్ ఏం చేసిందో చూపే లాగ్ తెరిచాను. ఏజెంట్ చేతికిచ్చిన టూల్స్‌లో ‘క్రియేట్ రిటర్న్’ అనేది ఒకటి. వివరణ ఉండాల్సిన చోట ఒకే వాక్యం ఉంది: “ఆర్డర్‌కు రిటర్న్ సృష్టిస్తుంది.” మూడే మాటలు. ఆ మూడింట్లోనూ ‘రిటర్న్’ ఉంది, ఆవిడ రాసినదాంట్లోనూ ‘రిటర్న్’ ఉంది. రెండూ ఒకటేనని ఏజెంట్ జత కలిపింది. ఆ కుర్చీలో నిన్న చేరిన కుర్రాణ్ణి కూర్చోబెట్టి, ఆ మూడు మాటలే చేతికిచ్చి ఉంటే అతనూ అదే చేసేవాడు.

ఈ టూల్ సంగతి కాస్త విడమరిచి చెప్పాలి. ఏజెంట్ వెనకున్న ఏఐ మోడల్ స్వతహాగా చేయగలిగింది మాటలు రాయడమే. మీ ఆర్డర్ ఎక్కడుందో దానికి తెలియదు, మీ ఖాతాలోకి డబ్బు పంపలేదు, చిరునామా మార్చలేదు. ఆ పనులు చేసే చిన్న చిన్న పనిముట్లను సాఫ్ట్‌వేర్ వాళ్ళు తయారుచేసి దాని ముందు పెడతారు. ఒక్కోదానికీ ఒక పేరు, అదేం చేస్తుందో చెప్పే వివరణ, దాన్ని వాడాలంటే ఏమేం ఇవ్వాలో తెలిపే చిట్టా ఉంటాయి. కస్టమర్ మాట చదివి, ఈ జాబితా చదివి, ఏ పనిముట్టు ఎత్తుకోవాలో మోడల్ తేల్చుకుంటుంది. ఓపెన్‌ఏఐ సంస్థ ఈ పద్ధతిని ‘ఫంక్షన్ కాలింగ్’ పేరుతో 2023 జూన్‌లో అందరికీ అందుబాటులోకి తెచ్చింది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ విడుదల చేశాక, ఒకరు రాసిన టూల్‌ను ఊరూ పేరూ తెలియని ఇంకొకరి ఏజెంట్ వాడుకోవడం కూడా సులువైపోయింది.

ఇందులో బయటివాళ్ళు గమనించని విషయం ఒకటుంది. పనిముట్టు లోపల ఏముందో మోడల్‌కు కనపడదు. లోపలి కోడ్ ఎంత జాగ్రత్తగా రాసినా, ఎన్ని పరీక్షలు పెట్టినా, మోడల్ చదివేది పైన రాసిన ఆ నాలుగు మాటలే. ఇంటికి మనిషి వచ్చి వస్తువు పట్టుకెళ్తాడన్న సంగతి కోడ్‌లో ఉంది. వివరణలో లేదు. కాబట్టి ఏజెంట్ దృష్టిలో అది జరగని పని.

2008లో నేను హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక కాల్‌సెంటర్‌లో చేరాను. రాత్రి షిఫ్టు, అమెరికా కస్టమర్లు. ట్రైనింగ్ అయ్యాక నన్నొక సీనియర్ పక్కన కూర్చోబెట్టారు. అందరం ఆమెను అక్కా అనే పిలిచేవాళ్ళం. ఆమె దగ్గర అట్ట చిరిగిపోయిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఉండేది. మేము వాడే స్క్రీన్ మీద ఎన్ని బటన్లున్నాయో అందులో అన్ని పేజీలు. పేజీ పైన బటన్ పేరు. కింద ఆమె చేతిరాతలో, సగం తెలుగులో సగం ఇంగ్లిష్‌లో నాలుగు సంగతులు. కస్టమర్ ఏ మాటంటే ఇది నొక్కాలి. ఏ మాటన్నా సరే నొక్కకూడదు. నొక్కాక లోపల ఏమవుతుంది. ఆ తర్వాత కస్టమర్‌కు ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు. ఫీజు మాఫీ చేసే బటన్ పేజీలో ఎర్ర ఇంకుతో ఇలా ఉండేది: “ఇది నొక్కితే వెనక్కి రాదు. ‘ఫీజు ఎందుకు వేశారు’ అనడం వేరు, ‘ఫీజు తీసేయండి’ అనడం వేరు. మొదటిదానికి కారణం చెప్తే చాలు.”

కంపెనీ ఇచ్చిన మాన్యువల్ వేరే ఉండేది, దిండంత లావున. కానీ ఫ్లోర్ మీద ఎవరికి అనుమానం వచ్చినా చెయ్యి చాచేది అక్క నోట్‌బుక్ కోసమే. “బటన్ పేరు చూసి నొక్కకు అమ్మాయ్. ఆ పేరు పెట్టినాయన ఒక్క కాల్ కూడా ఎత్తలేదు” అనేది ఆమె.

ఇన్నేళ్ళ తర్వాత నేను చేస్తున్న పని అదే. ఏజెంట్ల కోసం ఆ నోట్‌బుక్ రాస్తున్నాను. ఈ పనిని ఇప్పుడు చాలాచోట్ల చేస్తున్న తీరు తప్పు, అది మారాలి. టూల్ వివరణను కోడ్ రాసినవాళ్ళు చివర్లో, పని ముగించే తొందరలో, ఒక వాక్యం తగిలించి వదిలేస్తున్నారు. వాళ్ళ తెలివిని నేను శంకించడం లేదు. ఆ పనిముట్టు లోపల ఏం చేస్తుందో వాళ్ళకంటే బాగా ఎవరికీ తెలియదు. కానీ దాన్ని ఎప్పుడు ఎత్తుకోవాలన్నది లోపల లేదు, కస్టమర్ నోట్లో ఉంది. ఆ నోటి మాట రోజుకు వందసార్లు వినేది సపోర్ట్ డెస్క్ మీద కూర్చున్నవాళ్ళు. వివరణ రాయాల్సింది వాళ్ళు. కోడ్ రాసినవాళ్ళు దాన్ని చదివి, లోపల జరిగేదానితో సరిపోతోందో లేదో చూసి సరిదిద్దాలి.

మిక్సీ సంగతి తర్వాత ఆ టూల్ వివరణను తిరగరాయడానికి మాకు రెండు రోజులు పట్టింది. డెస్క్ నుంచి ఇద్దర్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. పాత చాట్లలో ‘రిటర్న్’ అనే మాట ఉన్నవాటిని తీసి ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాం. ‘డబ్బులు రిటర్న్ పడలేదు’ అన్నది డబ్బు సంగతి. ‘రిటర్న్ పెట్టాను, ఇంకా రాలేదు’ అని ఒకరు. ఎవరు రాలేదు? పికప్ కుర్రాడా, డబ్బా? ‘పార్సిల్ రిటర్న్ వెళ్ళిపోయింది’ అని ఇంకొకరు. అంటే ఇంటికి తాళం ఉందని డెలివరీ మనిషి తిరిగి పట్టుకుపోయాడు, వాళ్ళకు ఆ వస్తువు మళ్ళీ కావాలి. ‘రిటర్న్ క్యాన్సిల్ చెయ్యండి’ అన్న ఆయన వస్తువు ఉంచుకుంటానంటున్నాడు. అక్కడ ‘క్యాన్సిల్’ మాటను పట్టుకుని ఆర్డర్ రద్దు టూల్ ఎత్తుకుంటే కథ ఇంకోలా అడ్డం తిరుగుతుంది. ఒకే మాట, నాలుగు పనులు. ఇంగ్లిష్‌లో రిటర్న్ వేరు, రిఫండ్ వేరు. మనం తెలుగులో మాట్లాడేటప్పుడు వెనక్కి వచ్చేది ఏదైనా రిటర్నే. అది మన వాడుక, అందులో తప్పేమీ లేదు. ఆ వాడుక తెలుసుకోవాల్సిన బాధ్యత అమ్మేవాడిది.

చివరికి మేము రాసుకున్నది ఇది:

“కస్టమర్ దగ్గరున్న వస్తువును వెనక్కి తెప్పించడానికి మాత్రమే ఈ టూల్. దీన్ని వాడితే మర్నాడు మనిషి ఇంటికి వెళ్ళి వస్తువు తీసుకుంటాడు. డబ్బు వెనక్కి పంపడం దీని పని కాదు. తెలుగు కస్టమర్లు ‘రిటర్న్’ అనే మాటను డబ్బుకు కూడా వాడతారు. ‘డబ్బులు రిటర్న్ రాలేదు’, ‘ఒక పేమెంట్ రిటర్న్ చెయ్యండి’ అంటే అది డబ్బు విషయం, ముందు పేమెంట్ స్థితి చూసే టూల్ వాడాలి. ‘పార్సిల్ రిటర్న్ వెళ్ళింది’ అంటే డెలివరీ విషయం. ఏదో తేలకపోతే ‘వస్తువు వెనక్కి ఇచ్చేద్దామనుకుంటున్నారా, లేక డబ్బు గురించి అడుగుతున్నారా?’ అని అడగాలి. జవాబు వచ్చేదాకా ఈ టూల్ వాడకూడదు. ఇంకా డెలివరీ కాని ఆర్డర్లకు ఇది పనిచేయదు.”

మూడు మాటలకు బదులు ఒక పేరా. ఇంత పొడవెందుకని మా టీమ్‌లోనే అడిగారు. అందులో నుంచి ఏ వాక్యం తీసేయమంటారో చెప్పండి అన్నాను. చివరి వాక్యం కూడా అవసరమే. అది లేకపోతే ఏజెంట్ డెలివరీ కాని ఆర్డర్ మీద ప్రయత్నించి, తిరస్కారం పొంది, మళ్ళీ ప్రయత్నిస్తుంది. అవతల మనిషి ‘దయచేసి వేచి ఉండండి’ని చూస్తూ కూర్చుంటాడు.

‘ముందు పేమెంట్ స్థితి చూసే టూల్’ అన్నది ఎందుకో చెప్తాను. ఆవిడ కేసులో నేరుగా రిఫండ్ టూల్ వాడేసినా అది సరైన పని కాదు. యూపీఐలో కొనుగోలుకు డబ్బు కట్ అయి, అమ్మినవాడికి అందినట్టు నిర్ధారణ రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా ఆ డబ్బు దానంతటదే ఖాతాలోకి తిరిగి రావాలి. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లో పెట్టిన నిబంధన ఇది. అంటే రెండు చెల్లింపుల్లో రెండోది అమ్మకందారుకు అసలు చేరిందా లేదా అన్నది ముందు తేలాలి. చేరి ఉంటే అమ్మకందారు రిఫండ్ ఇవ్వాలి. చేరకపోతే బ్యాంకు దారిలో వస్తుంది, ఆవిడకు ఆ గడువు చెప్పాలి, గడువు దాటితే అడిగే హక్కుందని కూడా చెప్పాలి. ఈ తర్కం అంతా డెస్క్ మీదున్న అమ్మాయికి కంఠతా వచ్చు. ఏజెంట్‌కు ఎవరూ చెప్పలేదు.

రిఫండ్ టూల్‌తో ఇంకో చిక్కుంది. దాన్ని వాడాక అటు నుంచి ‘సక్సెస్’ అనే జవాబు వస్తుంది. దాని అర్థం అభ్యర్థన బ్యాంకుకు పంపామని మాత్రమే. ఏజెంట్ అది చూసి “మీ డబ్బులు ఖాతాలో పడ్డాయి” అని రాస్తుంది. అవతల మనిషి బ్యాంకు బ్యాలెన్స్ చూస్తాడు, ఉండదు. మళ్ళీ చాట్‌లోకి వస్తాడు, ఈసారి కోపంగా. మధ్యతరగతి ఇంట్లో నెలాఖరున రెండు వేల రూపాయలు పడ్డాయని చెప్తే, దాన్ని నమ్ముకుని గ్యాస్ బండ బుక్ చేస్తారు, పిల్లల ఫీజు కడతామని మాటిస్తారు. అందుకే టూల్ వివరణలో వెనక్కి వచ్చే జవాబుకు అర్థం కూడా రాయాలి: “సక్సెస్ అంటే పంపాం అని, పడింది అని కాదు. ‘పంపించాం, ఫలానా తేదీలోపు పడుతుంది’ అని చెప్పు. ‘పడింది’ అనే మాట వాడకు.” అక్క నోట్‌బుక్‌లో నాలుగో వరుస ఇదే కదా.

తేదీల గురించి కూడా చెప్పాలి. పండగ సేల్ రాత్రి పన్నెండింటికి మొదలవుతుంది. ఒకాయన పన్నెండూ పదికి ఆర్డర్ పెట్టాడు. తర్వాత చాట్‌లో “పదో తారీఖు పెట్టిన ఆర్డర్ ఏమైంది” అని అడిగితే “ఆ తేదీన మీ పేరిట ఏ ఆర్డరూ లేదు” అని జవాబు. ఆర్డర్లు వెతికే టూల్ గ్రీనిచ్ కాలమానం లెక్కన నడుస్తోంది. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందు. మనకు అర్ధరాత్రి దాటి పదో తారీఖు వచ్చినా అక్కడ ఇంకా తొమ్మిదే. మనకు తెల్లవారుజాము ఐదున్నర దాకా పెట్టిన ప్రతి ఆర్డరూ ముందురోజు లెక్కలో పడుతుంది. వివరణలో ‘తేదీ’ అని మాత్రం ఉంది. ఏ కాలమానమో, రోజు ముందా నెల ముందా, ఏమీ లేదు. ఒక్క వాక్యం చేర్చాక ఆ ఫిర్యాదులు ఆగిపోయాయి.

పేర్లూ అంతే. కస్టమర్‌ను వెతికే టూల్‌లో ‘లాస్ట్ నేమ్’ అనే గడి ఉంటుంది. తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు, సొంత పేరు చివర. ‘మీ లాస్ట్ నేమ్ ఏమిటండీ’ అంటే మన పెద్దవాళ్ళు అమాయకంగా తమ పేరే చెప్తారు. అమెరికాలో ఉండే మన పిల్లలకు ఈ తంటా పాస్‌పోర్టు దగ్గర్నుంచీ అలవాటే. అందుకని “పేరుతో వెతకకు, మొబైల్ నంబర్‌తోనో ఆర్డర్ నంబర్‌తోనో వెతుకు” అని వివరణలోనే రాసేశాం.

కొత్త మోడళ్ళు వస్తున్నాయి, వాటికి ఇంత చెప్పక్కర్లేదు, అవే అర్థం చేసుకుంటాయి అని నాతో తరచు అంటారు. మోడళ్ళు మెరుగవుతున్న మాట నిజం. సియెరా అనే సంస్థ 2024 జూన్‌లో ‘టౌ-బెంచ్’ అనే పరీక్ష పెట్టింది. దుకాణం, విమాన టికెట్ల సపోర్ట్ పనులు ఇచ్చి, ఏజెంట్లు టూల్స్ ఎలా వాడుతున్నాయో చూసింది. అప్పటి మేటి మోడళ్ళలో ఒకటైన జీపీటీ-4ఓ సగం పనులు కూడా పూర్తి చేయలేకపోయింది. దుకాణం పనుల్లో ఒకే పనిని ఎనిమిదిసార్లు ఇస్తే ఎనిమిదిసార్లూ సరిగ్గా చేసినవి పావు వంతుకూ చేరలేదు. ఆ రోజుల నుంచి ఇప్పటికి చాలా దూరం వచ్చాం, ఒప్పుకుంటాను. కానీ ఎంత తెలివైన మోడల్ అయినా, మీ కంపెనీలో ‘క్లోజ్’ నొక్కితే ఫిర్యాదు మూతపడుతుందా, ఖాతా మూతపడుతుందా అన్నది దానికి ఎలా తెలుస్తుంది? అది లోకంలో ఏ పుస్తకంలోనూ లేదు. మీ గోడల మధ్య ఉంది. ఐఏఎస్ పాసైన కలెక్టర్‌కు కూడా జిల్లాలో అడుగుపెట్టిన రోజున ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో ఎవరో ఒకరు చూపించాలి.

ఆంత్రోపిక్ తన పత్రాల్లో ఈ మాట సూటిగానే చెప్పింది: టూల్ పనితీరును అన్నింటికన్నా ఎక్కువగా నిర్ణయించేది దాని వివరణేనని, కనీసం మూడు నాలుగు వాక్యాలైనా రాయమని. మోడల్ తయారుచేసినవాళ్ళే ఇలా అంటుంటే, వాడుకునేవాళ్ళం ఒక వాక్యంతో సరిపెట్టడం ఎందుకు?

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పి తీరాలి. వివరణ తాళం కాదు. “పదివేలు దాటిన రిఫండ్ పంపకు” అని వివరణలో రాసి నిశ్చింతగా పడుకోకూడదు. డబ్బుకు హద్దు కోడ్‌లో ఉండాలి, ఏజెంట్ ఎంత గట్టిగా అడిగినా ఆ హద్దు దాటనివ్వకూడదు. అది ఆపినప్పుడు ఏజెంట్‌కు వెళ్ళే సందేశం కూడా మాటల్లో ఉండాలి. ‘ఎర్రర్ 422’ అని పంపితే ఏజెంట్ ఏం చేస్తుంది? మళ్ళీ అదే ప్రయత్నిస్తుంది, లేదా కస్టమర్‌కు ఏదో ఒకటి చెప్పేస్తుంది. “ఈ మొత్తానికి సూపర్‌వైజర్ అనుమతి కావాలి, కస్టమర్‌కు ఆ మాట చెప్పి మనిషికి అప్పగించు” అని పంపితే దారి దొరుకుతుంది.

మనిషికి అప్పగించడం గురించే నాకు ఎక్కువ బాధ.

ఒక పెద్దాయన, కరీంనగర్ వైపు. ఆయన భార్య పేరు మీద నెలనెలా డబ్బు కట్ అయ్యే సభ్యత్వం ఒకటి ఉంది. అది ఆపించడానికి చాట్‌లోకి వచ్చాడు. ఏజెంట్ ఖాతాదారు ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పమంది. ఆయన రాశాడు: “ఆమె లేదు.” ఏజెంట్ మర్యాదగా జవాబిచ్చింది: “పర్వాలేదండీ, ఆమె అందుబాటులోకి వచ్చాక మళ్ళీ ప్రయత్నించండి.” ఆయన మళ్ళీ రాశాడు: “మా ఇంటామె లేదు సార్. ఓటీపీ ఎవరు చెప్తరు?” మళ్ళీ ఓటీపీ పంపింది. నాలుగుసార్లు. ఆఖరున ఆయన “ఎట్ల వస్తది” అని రెండే మాటలు రాసి చాట్ మూసేశాడు.

ఆ చాట్ చదివిన రోజు నేను ఇంకే పనీ చేయలేకపోయాను. తెలుగు తెలిసిన ఏ పసివాడికైనా ‘ఆమె లేదు’ అన్నది ఎలాంటి మాటో తెలుస్తుంది. మనం చనిపోయారని నోటితో అనలేక ‘లేరు’ అంటాం. మనిషికి అప్పగించే టూల్ ఆ ఏజెంట్ దగ్గర ఉంది. దాని వివరణలో ఇలా రాసుంది: “ఇతర టూల్స్ అన్నీ ప్రయత్నించి విఫలమైనప్పుడు మాత్రమే వాడాలి.” ఆ ‘మాత్రమే’ను ఏజెంట్ తూచా తప్పకుండా పాటించింది. ఓటీపీ టూల్ విఫలం కాలేదు కదా, నాలుగుసార్లూ చక్కగా ఓటీపీ పంపింది.

ఆ వాక్యం పొరపాటున పడ్డది కాదు. మనుషులతో మాట్లాడించడం ఖర్చు. ఆ ఖర్చు తగ్గించడానికి ఎవరో ఆలోచించి రాశారు. ఒక కంపెనీ తన కస్టమర్‌ను ఎలా చూస్తుందో తెలుసుకోవాలంటే ప్రకటనలు చూడక్కర్లేదు, మనిషికి అప్పగించే టూల్ కింద ఏం రాసిందో చూస్తే చాలు. దురదృష్టమేమిటంటే ఆ రాత కస్టమర్‌కు ఎప్పటికీ కనపడదు.

మేము దాన్ని తలకిందులు చేశాం. ఎప్పుడు వెంటనే అప్పగించాలో ముందు రాశాం. చావు మాట వస్తే, ‘లేరు’, ‘పోయారు’, ‘కాలం చేశారు’, ‘దాటిపోయారు’, ఏ రూపంలో వచ్చినా సరే. ఆసుపత్రి మాట వస్తే. ఎవరో ఓటీపీ అడిగితే చెప్పామని, డబ్బు పోయిందని అంటే. ఇలాంటప్పుడు నిమిషాలు విలువైనవి కాబట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయమని ముందు చెప్పి, ఆ తర్వాత అప్పగించాలి. మనిషితో మాట్లాడతానని ఒక్కసారి అడిగినా సరే. ఎందుకని అడగకూడదు, ‘నేను సాయం చేయగలను’ అని మళ్ళీ మొదలుపెట్టకూడదు. కస్టమర్ గ్రీవెన్స్ అధికారికి ఫిర్యాదు చేస్తానంటే కూడా అంతే. ఈ-కామర్స్ సంస్థలు అలాంటి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెలలోగా పరిష్కరించాలని 2020 నిబంధనలు చెప్తున్నాయి. ఏజెంట్ ఆ మాటను మామూలు అసంతృప్తిగా లెక్కవేసి సారీ చెప్పి ఊరుకుంటే, ఆ గడియారం నడుస్తున్న సంగతి కంపెనీలో ఎవరికీ తెలియకుండా పోతుంది.

ఏఐ తప్పు చేస్తే కంపెనీకి ఏం సంబంధం అనే వాదన కూడా విన్నాను. కెనడాలో ఇది తేలిపోయింది. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి తప్పు చెప్పింది. దగ్గరి బంధువు చనిపోయినప్పుడు ఇచ్చే తగ్గింపు టికెట్ ధరకు, ప్రయాణం అయ్యాక కూడా దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పింది. అతను నమ్మి టికెట్ కొన్నాడు. ఆ తర్వాత కంపెనీ కుదరదంది. బ్రిటిష్ కొలంబియాలోని ట్రిబ్యునల్ ముందు, చాట్‌బాట్ మాటలకు తమకు బాధ్యత లేదన్నట్టుగా వాదించింది. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి, ఖర్చులతో కలిపి సుమారు 812 కెనడా డాలర్లు చెల్లించమంది. అక్కడ బాట్ ఒక మాట తప్పు చెప్పింది, అంతే. ఇప్పటి ఏజెంట్లు మాట దగ్గర ఆగడం లేదు. ఆర్డర్లు రద్దు చేస్తున్నాయి, డబ్బు పంపుతున్నాయి, ఇంటికి మనుషుల్ని పంపుతున్నాయి. మన దగ్గర వినియోగదారుల కోర్టులకు సేవాలోపం అనే మాట దశాబ్దాలుగా తెలుసు. మూడు మాటల వివరణ వల్ల ఒక ఇంట్లోంచి మిక్సీ వెళ్ళిపోవడం సేవాలోపం కాకపోతే మరేమిటి?

కాబట్టి కంపెనీలను నేను కోరేది పెద్ద ఖర్చేమీ కాదు. వారానికో గంట డెస్క్ మీద పనిచేసే ఇద్దర్ని టూల్స్ రాసేవాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. ఆ గంటను వాళ్ళ కాల్స్ లెక్కలోంచి మినహాయించండి, లేకపోతే రారు. డబ్బు కదిలించే టూల్, వస్తువు కదిలించే టూల్, ఖాతా మూసే టూల్, మనిషికి అప్పగించే టూల్, వీటి వివరణల్లో ఒక్క మాట మారినా ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో రాసి పెట్టండి. రిఫండ్ పాలసీ మార్చాలంటే ఎన్ని సంతకాలు కావాలో దీనికీ అన్ని ఉండాలి. మారిన ప్రతిసారీ పాత చాట్లను మళ్ళీ దానిమీద నడిపి చూడండి. తెలుగు చాట్లతో కూడా చూడండి. ఇంగ్లిష్‌లో పాసైంది కదా అని తెలుగు కస్టమర్ మీదికి వదలకండి. వివరణ ఇంగ్లిష్‌లో ఉన్నా ఫర్వాలేదు, కస్టమర్ మాటలు మాత్రం కస్టమర్ భాషలోనే అందులో ఉండాలి, గోదావరి యాసలోనూ కరీంనగర్ యాసలోనూ.

మిక్సీ ఆవిడకు డబ్బు నాలుగో రోజు పడింది. మిక్సీ దానికి ముందే వెళ్ళింది, ఒక జార్ మూత మాత్రం దారిలో ఎక్కడో పోయింది. కొత్త మూత పంపించాం. కరీంనగర్ పెద్దాయనకు నేనే ఫోన్ చేశాను. సభ్యత్వం ఆపేశామని, ఆమె పోయిన నాటి నుంచి కట్ అయినదంతా వెనక్కి పంపిస్తున్నామని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “మంచిది బిడ్డా” అన్నాడు.

రేపు పదింటికి డెస్క్ నుంచి ఇద్దరు అమ్మాయిలు వస్తున్నారు. ‘తీసేయండి’ అనే మాట ముందేసుకుని కూర్చోబోతున్నాం. నంబర్ తీసేయండి, కార్డు తీసేయండి, ఆ ఆర్డర్ తీసేయండి, నా పేరు తీసేయండి. చాట్లు ప్రింట్ తీసి బల్ల మీద పెట్టి వచ్చాను.